బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ కోసం ఫిల్మా, డిజిటలా? మన గోదారి వెలుగులో మీరే పోల్చి చూసుకోండి

ఫిల్మ్ బాగుంటుందా డిజిటల్ బాగుంటుందా అని ఎవరైనా అడిగితే నేను ముందు ఒకటే అడుగుతానండి, ప్రింట్ ఎక్కడ వేస్తారు, ఎలా వేస్తారు అని. ఎందుకంటే ఫోన్‌లో చూసుకోడానికైతే ఈ పోలిక అంతా అనవసరం, ఏ కెమెరాతో తీసినా ఒకలాగే కనపడుద్ది. గోడ మీద పెట్టే 12×18 అంగుళాల ప్రింట్ దగ్గరకొచ్చేసరికే అసలు తేడాలు బయటపడతాయి. నేను గట్టిగా నమ్మేది ముందే చెప్పేస్తాను: నెగటివ్‌ని ఎన్లార్జర్‌లో (నెగటివ్ బొమ్మని పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం) పెట్టి సిల్వర్ పేపర్ (వెండి రసాయనం పూసిన ఫొటో కాగితం) మీద నేరుగా ప్రింట్ వేసుకునే వీలుంటే ఫిల్మ్‌కి పడే కష్టమంతా ప్రింట్‌లో కనపడుద్ది. అదే 35 ఎంఎం నెగటివ్‌ని మామూలు స్కానర్‌లో స్కాన్ చేసి ఇంక్‌జెట్‌లో ప్రింట్ తీసేటట్టయితే, చాలా సందర్భాల్లో మంచి డిజిటల్ కెమెరా ఫైలే మెరుగైన ప్రింట్ ఇస్తుంది. ఈ మాట నమ్మేయక్కర్లేదు, కింద చెప్పినట్టు మీరే ఒక రోజు కూర్చుని పోల్చుకోండి.

పోలిక అంటే ఒకే సీను, ఒకే వెలుగు, ఒకే ట్రైపాడ్, ఒకే ప్రింట్ సైజు. ఫిల్మ్ ఫొటో పొద్దున్న తీసి డిజిటల్ ఫొటో సాయంత్రం తీసి పక్కపక్కన పెడితే మీరు పోల్చేది ఎండనే గానీ కెమెరాలని కాదు. ట్రైపాడ్ మీద ఫిల్మ్ కెమెరాతో తీసి, దాన్ని దింపి అదే చోట డిజిటల్ పెట్టి తీయండి, మధ్యలో మబ్బు వస్తే మళ్ళీ రెండూ తీయండి. డిజిటల్ ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమంత సెన్సార్) అయితే రెండిటికీ 50 ఎంఎం లెన్సు చాలు, అంతకన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సార్ అయితే దానికి 35 ఎంఎం వాడితే దాదాపు అదే ఫ్రేము వస్తుంది. ఐఎస్ఓ (వెలుగుకి ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకె) రెండిటికీ ఒకటే ఉండాలని చాలామంది పట్టుబడతారు గానీ నా ఉద్దేశంలో అక్కర్లేదు, దేనికి ఏది బాగా పనిచేస్తుందో అదే పెట్టండి, ఫిల్మ్ 400ది వేసి డిజిటల్‌ని 100లో పెట్టినా తప్పు లేదు, ఎందుకంటే నిజంగా తీసేటప్పుడు కూడా అలాగే తీస్తాం కదా.

సీన్లు ఎక్కడ వెతుక్కోవాలంటే, మన డెల్టాలో ఈ పోలికకి కావలసినవన్నీ ఉన్నాయి. ఒకటి, మండువా ఇల్లు. మధ్యలో ఆకాశం వెలుగు నేరుగా పడుద్ది, చుట్టూ వసారాలు చీకటిగా ఉంటాయి, స్తంభాల మీద సగం వెలుగు సగం నీడ, అక్కడ తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన ఎవరైనా కూర్చుంటే షాడోకీ హైలైట్‌కీ అంతకన్నా కఠినమైన పరీక్ష ఉండదు. రెండు, మిట్టమధ్యాహ్నం కొబ్బరితోట, ఆకుల మధ్యలోంచి పడే ఎండ మచ్చలు. మూడు, సంక్రాంతి ముందు పొద్దున్నే పొగమంచులో ఏటిగట్టు, అంతా బూడిద రంగే, కాంట్రాస్టు అస్సలుండదు. నాలుగు, కడియం నర్సరీలు, ఎర్ర పూలూ పచ్చ ఆకులూ (ఇది ఎందుకో కింద చెప్తాను). ఐదు, కోటిపల్లి రేవులో గానీ నర్సాపురం సఖినేటిపల్లి మధ్య గానీ పంటు దాటేటప్పుడు నీళ్ళ మీద ఎదురెండ మెరుపు. ఈ ఐదూ తీస్తే చాలు, ఇక ఏ సీనైనా వీటిలో ఏదో ఒకదానికి దగ్గరగానే ఉంటుంది.

ఇప్పుడు ఎక్స్‌పోజర్. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇక్కడే, అసలు తేడా ఉండేది కూడా ఇక్కడే. ఫిల్మ్‌కి నీడలు ముఖ్యం, డిజిటల్‌కి మెరుపులు ముఖ్యం. ఫిల్మ్ మీద వెలుగు పడని చోట వెండి ఏర్పడదు, నెగటివ్ అక్కడ ఖాళీ గాజులా ఉండిపోద్ది, తర్వాత ఎంత తిప్పలు పడినా అందులోంచి వివరం రాదు. వెలుగు ఎక్కువైతే మాత్రం ఫిల్మ్ ఓర్చుకుంటుంది, నెమ్మదిగా దట్టం అవుతూ పోద్ది, తెగిపోదు, ఇల్ఫర్డ్ కంపెనీ హెచ్‌పీ5 లాంటి ఫిల్మ్ రెండు స్టాపులు (ఒక స్టాపు పెంచితే వెలుగు రెట్టింపు, తగ్గిస్తే సగం) ఎక్కువ పడినా ప్రింట్ వేసుకోవచ్చు, గ్రెయిన్ కొంచెం పెరుగుద్ది, ఎన్లార్జర్ కింద టైము ఎక్కువ పడుద్ది, అంతే. డిజిటల్ సెన్సార్ సంగతి సరిగ్గా తిరగేసి. నీడలు రెండు మూడు స్టాపులు పైకి లేపినా ఇప్పటి కెమెరాల్లో శుభ్రంగా వస్తాయి, కానీ మెరుపు ఒకసారి నిండిపోయిందంటే అక్కడ ఏమీ ఉండదు, ప్రింట్‌లో ఉత్త కాగితం కనపడుద్ది.

అందుకని మండువా ఇంట్లో ఫిల్మ్‌తో తీసేటప్పుడు లైట్ మీటర్‌ని చీకటి వసారాలో, మీకు వివరం కనపడాలి అనుకున్న చోట పెట్టి చూడండి. మీటర్ ఎప్పుడూ తను చూసింది మధ్యస్థ బూడిద రంగు అనుకుని రీడింగ్ ఇస్తుంది, ఆ రీడింగ్ ప్రకారం తీస్తే వసారా బూడిదగా తెల్లారిపోద్ది, కాబట్టి దాన్నించి రెండు స్టాపులు తగ్గించి తీయండి, నీడ నీడలాగే ఉంటూ అందులో వివరం నిలబడుద్ది. ఇది యాన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో తయారుచేసిన జోన్ సిస్టమ్‌లోది, వాళ్ళ లెక్కలో దీన్ని మూడో జోన్‌లో పెట్టడం అంటారు. మొత్తం సిస్టమ్ చదవకపోయినా పర్లేదు, ఈ ఒక్క అలవాటు పట్టుకుంటే మీ నెగటివ్‌లు సగం బాగుపడతాయి.

డిజిటల్‌లో రా ఫైల్ (సెన్సార్ పట్టినదంతా మార్చకుండా దాచే ఫైల్) పెట్టుకోండి, జేపెగ్ మీద ఈ పోలిక చేయొద్దు. కెమెరాలో పిక్చర్ స్టైల్ మోనోక్రోమ్ పెట్టుకుంటే స్క్రీన్ మీద నలుపు తెలుపులో కనపడుద్ది, రా ఫైల్‌లో రంగులన్నీ భద్రంగానే ఉంటాయి, టోన్లు ఊహించుకోడానికి ఇది చాలా పనికొస్తుంది. హిస్టోగ్రామ్ (ఎడమ నీడలు, కుడి మెరుపులు చూపించే గ్రాఫు) కుడి గోడని ఆనుకోకుండా దగ్గరగా వచ్చేలా చూసుకోండి. పంచె మీద హైలైట్ వార్నింగ్ మెరుస్తుంటే మూడో వంతు స్టాపు చొప్పున తగ్గించుకుంటూ రండి. ఆ వార్నింగ్ జేపెగ్ లెక్కలోంచి వస్తుంది కాబట్టి రాలో ఇంకాస్త మిగిలే ఉంటుంది, అయినా దాని మీద ఆధారపడొద్దు.

సాయంత్రం రాజమండ్రిలో ఘాట్ దగ్గర బ్రిడ్జిలు, నీళ్ళు లాంగ్ ఎక్స్‌పోజర్ తీసేవాళ్ళకి ఇంకో తేడా ఉంది. ఫిల్మ్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే దాని స్పీడు పడిపోద్ది, దీన్నే రెసిప్రాసిటీ ఫెయిల్యూర్ అంటారు. హెచ్‌పీ5 ప్లస్‌కి ఇల్ఫర్డ్ వాళ్ళిచ్చిన లెక్క, మీటర్ చెప్పిన సెకన్లని 1.31 ఘాతానికి పెంచాలి, అంటే మీటర్ 10 సెకన్లంటే మీరు సుమారు 20 ఇవ్వాలి, 30 అంటే దాదాపు 86. డిజిటల్‌లో ఈ బాధ లేదు, 30 అంటే 30 ఏ. లాంగ్ ఎక్స్‌పోజర్లే మీ ప్రధాన పని అయితే డిజిటల్ వైపు వెళ్ళడానికి ఇదొక మంచి కారణం.

ఇక రంగులు నలుపు తెలుపుగా మారే విషయం. కడియం నర్సరీలో ఎర్ర గులాబీ పచ్చ ఆకుల మధ్య కంటికి ఎంత కొట్టొచ్చినట్టు కనపడినా, బ్లాక్ అండ్ వైట్‌లో రెండూ దాదాపు ఒకే బూడిద రంగులోకి వచ్చేస్తాయి, పువ్వు ఆకుల్లో కలిసిపోద్ది. ఫిల్మ్‌లో దీన్ని తీసేటప్పుడే తేల్చుకోవాలి, లెన్సు ముందు ఎర్ర ఫిల్టర్ పెడితే పువ్వు తెల్లబడి ఆకు నల్లబడుద్ది, పచ్చ ఫిల్టర్ పెడితే పువ్వు నల్లబడి ఆకు వెలుగుద్ది. మామూలు లెక్క గుర్తుపెట్టుకోండి: పసుపు ఫిల్టర్‌కి ఒక స్టాపు, ఆరెంజ్‌కి రెండు, ముదురు ఎరుపుకి మూడు స్టాపులు ఎక్స్‌పోజర్ పెంచాలి. మన వైపు ఆకాశం తేమతో ఎప్పుడూ కొంచెం తెల్లగానే ఉంటుంది, పైగా ఫిల్మ్‌కి నీలం కాస్త ఎక్కువే పడుద్ది, అందుకని ఏ ఫిల్టరూ లేకుండా తీస్తే ఆకాశం ప్రింట్‌లో ఉత్త తెల్లగా వస్తుంది, కొబ్బరి చెట్లు తెల్ల కాగితం మీద అతికించినట్టుంటాయి. నా ఫిల్మ్ కెమెరా మీద పసుపు ఫిల్టర్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. సార్వా నాట్లప్పుడు చేలు లేత పచ్చగా ఉంటాయి కదా, అప్పుడు పసుపుపచ్చ ఫిల్టర్ దొరికితే వాడి చూడండి, చేను మొత్తం లోపల్నించి వెలుగుతున్నట్టు వస్తుంది.

డిజిటల్‌లో ఇదంతా ఇంటికొచ్చాక స్లైడర్లతో చేసుకోవచ్చు, ఇది నిజంగా పెద్ద సౌకర్యం, ఒకే ఫైల్ నుంచి నాలుగు రకాల ప్రింట్లు తీసి చూసుకోవచ్చు. ఉత్తినే శాచురేషన్ సున్నాకి లాగేయొద్దు, బ్లాక్ అండ్ వైట్ మిక్సర్‌లోకి వెళ్ళండి, లైట్‌రూమ్‌లో ఉంది, డబ్బులక్కర్లేని డార్క్‌టేబుల్, రాథెరపీల్లో కూడా ఉంది. వరిచేలకి పచ్చ స్లైడర్ కన్నా పసుపు స్లైడరే ఎక్కువ పనిచేస్తుంది, ఆకు పచ్చదనంలో పసుపు పాలు అంత ఉంటుంది మరి. ఒక జాగ్రత్త, నీలం స్లైడర్ బాగా కిందకి లాగితే ఆకాశం నల్లగా నాటకీయంగా వస్తుంది గానీ దాంతోపాటు నాయిస్, చెట్ల అంచుల్లో తెల్ల గీతలు వస్తాయి, ఫోన్‌లో కనపడవు, 12×18 ప్రింట్‌లో మొదట కనపడేవి అవే. ఆ విషయంలో లెన్సు ముందు ఎర్ర ఫిల్టర్ పెట్టి తీసిన నెగటివ్ ఆకాశం చాలా నిండుగా ఉంటుంది. అలాగని రంగు సెన్సార్ ఉన్న డిజిటల్ కెమెరాకి ముందు ఎర్ర ఫిల్టర్ తగిలించొద్దు. ఆ సెన్సార్ మీద ప్రతి నాలుగు పిక్సెల్స్‌లో రెండు పచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం, కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన అమరిక ఇది, ఎర్ర ఫిల్టర్ పెడితే మిగతా మూడొంతుల పిక్సెల్స్‌కీ పనేమీ ఉండదు. ఆ రంగుల పొర లేని కెమెరాలు కూడా ఉన్నాయి, 2012లో లైకా ఎం మోనోక్రోమ్ వచ్చింది, 2023లో పెంటాక్స్ కే-3 మార్క్ 3 మోనోక్రోమ్ వచ్చింది, వాటికి ఫిల్మ్ లాగే ముందు ఫిల్టర్ పెట్టుకోవాలి.

మనుషుల ఒంటి రంగు గురించి ఒక మాట చెప్పాలి, ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం. మిక్సర్‌లో ఆరెంజ్ స్లైడర్ పైకి లాగితే ఒళ్ళు తెల్లబడుద్ది, కొబ్బరి దింపు తీసే వాళ్ళనీ ఊడ్పుల్లో ఉన్నవాళ్ళనీ తీసిన ఫొటోల్లో ఇది చేసేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. దయచేసి చేయొద్దండి. ఎండలో పనిచేసే ఒంటి మీద చెమట మెరుపుకీ చర్మం నలుపుకీ మధ్య ఉండే టోన్లే ఆ ప్రింట్‌కి ప్రాణం, అవి తీసేస్తే ముఖం పిండి రాసినట్టు అయిపోద్ది. ఆరెంజ్‌ని అలాగే ఉంచి వెనకున్న పచ్చదనాన్ని లేపండి, మనిషి తనంతట తనే ముందుకొస్తాడు.

డెవలపింగ్ దగ్గరకొద్దాం. మన ఊళ్ళల్లో ఫిల్మ్ పనికి అసలు శత్రువు వేడి. పుస్తకాల్లో టైములన్నీ 20 డిగ్రీలకి రాసుంటాయి, మే నెలలో మన ట్యాంకు నీళ్ళు 32 దాటేస్తాయి, ఆ నీళ్ళతో అలాగే చేస్తే మూడు నిమిషాల్లో అంతా అయిపోయి నెగటివ్ మచ్చలు మచ్చలుగా వస్తుంది. 20కి దించాలని ఐసుతో గంటసేపు కుస్తీ పట్టడం కన్నా 24 దగ్గర స్థిరపడటం మేలు. పెద్ద టబ్బులో నీళ్ళు పోసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన వాటర్ బాటిళ్ళు అందులో వేసి, డెవలపర్ (బొమ్మ తెప్పించేది), స్టాప్‌బాత్ (దాన్ని ఆపేది), ఫిక్సర్ (బొమ్మని నిలిపేది) సీసాలు, కడిగే నీళ్ళ జగ్గు అన్నీ ఆ టబ్బులోనే పెట్టండి, అన్నీ ఒకే వేడిలో ఉండాలి, డెవలపర్ 24లో ఉండి కడిగే నీళ్ళు 33లో ఉంటే ఎమల్షన్ (ఫిల్మ్ మీది వెండి పూత) పగిలినట్టయిపోయే ప్రమాదం ఉంది. ఐసు నేరుగా కెమికల్స్‌లో వేయొద్దు, పల్చబడిపోతాయి.

హెచ్‌పీ5 ప్లస్‌ని 400లో తీసి ఐడీ-11 అనే డెవలపర్ స్టాక్‌లో (నీళ్ళు కలిపి పల్చన చేయని ద్రావణంలో) అయితే 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. 24 దగ్గర అది దాదాపు ఐదుంపావుకి పడిపోద్ది, ఐదు నిమిషాల కన్నా తక్కువ టైములు మంచివి కావు, ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ డెవలప్ అవుద్ది. అందుకే మన ఎండలకి నేను ఒకటికి ఒకటి నీళ్ళు కలిపే వాడమంటాను, 20 దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర సుమారు 9, చేతిలో కావలసినంత టైముంటుంది. మధ్యాహ్నం కొబ్బరితోటలో తీసిన రోలు అయితే కెమెరాలో 200 పెట్టుకుని తీసి, డెవలపింగ్ టైము 15 నుంచి 20 శాతం తగ్గించండి, నీడలు నిండుతాయి, ఎండ మచ్చలు అదుపులో ఉంటాయి. పొగమంచు రోలుకి తిరగేసి, 400లోనే తీసి టైము అంతే పెంచండి. రెండు రకాల సీన్లూ ఒకే రోలులో తీస్తే ఈ వీలు పోద్ది, ఫిల్మ్‌లో రోలు మొత్తానికీ ఒకే డెవలపింగ్ కదా. డిజిటల్‌లో ఫ్రేముకి ఫ్రేము వేరుగా చేసుకోవచ్చు, 35 ఎంఎం మీద డిజిటల్‌కి ఉన్న బలమైన పాయింట్ ఇదేనని నా అభిప్రాయం.

డెవలపర్ దొరక్కపోతే సొంతంగా కలుపుకోవచ్చు, పాత స్టూడియోల వాళ్ళు అలాగే చేసేవాళ్ళు. డీ-76 అనే డెవలపర్‌కైతే లీటరుకి మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2, సుమారు 50 డిగ్రీల వేడి నీళ్ళు 750 మిల్లీలీటర్లు తీసుకుని ఇదే వరసలో ఒకటి కరిగాక ఇంకోటి వేసి, ఆఖరికి లీటరుకి నింపుకోవాలి. పొడి పీల్చకుండా మాస్కు, చేతికి గ్లౌజులు వేసుకోండి, వంటగిన్నెలు వాడొద్దు. నీళ్ళు మాత్రం బోరువి వద్దు, సముద్రం దగ్గరి ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, కాలవ నీళ్ళల్లో ఒండ్రు ఉంటుంది, వడకట్టినా సన్నటి మట్టి ఎమల్షన్ మీద అతుక్కుపోద్ది. కెమికల్స్ కలపడానికీ ఆఖరి కడుగుకీ ఆర్వో క్యాన్ నీళ్ళు గానీ డిస్టిల్డ్ వాటర్ గానీ వాడండి. కడగడానికి కుళాయి తిప్పి వదిలేయక్కర్లేదు, ఇల్ఫర్డ్ పద్ధతిలో నీళ్ళు నింపి డెవలపింగ్ ట్యాంకు 5 సార్లు తిరగేసి పారబోయడం, మళ్ళీ నింపి 10 సార్లు, మళ్ళీ 20 సార్లు, అయిపోయింది. ఆఖర్న వెట్టింగ్ ఏజెంట్ (నీటి మరకలు పడకుండా చూసే ద్రవం) కొన్ని చుక్కలు. వానాకాలం ఫిల్మ్ ఆరడానికి చాలాసేపు పడుద్ది, ఫ్యాన్ కింద పెట్టకండి, దుమ్మంతా దాని మీదే, తలుపేసిన బాత్‌రూమ్‌లో వేలాడదీసి వదిలేయండి.

కెమికల్ పని వద్దు గానీ ఫిల్మ్ తీయాలని ఉంది అనేవాళ్ళకి ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ ఉంది, అది కలర్ నెగటివ్‌కి వాడే సీ-41 ప్రాసెస్‌లోనే డెవలప్ అవుద్ది, కలర్ రోలు కడిగే ల్యాబ్‌కి కొరియర్‌లో పంపుకోవచ్చు.

ఇప్పుడు ప్రింట్లు, అసలు తీర్పు ఇక్కడే. వీలైతే మూడు రకాలు తీయండి: నెగటివ్ నుంచి ఎన్లార్జర్ ప్రింట్, అదే నెగటివ్ స్కాన్ చేసి ఇంక్‌జెట్ ప్రింట్, డిజిటల్ ఫైల్ నుంచి ఇంక్‌జెట్ ప్రింట్. మూడూ ముందు 8×10, తర్వాత బాగున్న ఒకటి రెండు 12×18.

ఎన్లార్జర్ కొనాలంటే మన టౌన్లలో పాత స్టూడియోల వాళ్ళని అడగండి, కొంతమంది దగ్గర అటక మీద ఇంకా ఉంటాయి. ఒకప్పుడు ఆ స్టూడియోల్లో ఊటీలో ఉన్న ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ళ ఇందు పేపర్ వాడేవాళ్ళు, ఇప్పుడది లేదు, బయట దేశాల పేపరే తెప్పించుకోవాలి. ఎన్లార్జర్ లెన్సుని వెలుగుకి పెట్టి చూడండి, మన తేమకి లోపల సాలెగూడు లాంటి ఫంగస్ ఉండే అవకాశం ఎక్కువ, ఉంటే ప్రింట్ మసకగా కాంట్రాస్టు లేకుండా వస్తుంది. 35 ఎంఎంకి 50 లెన్సు, 6×6కి (120 అనే వెడల్పు రోలు ఫిల్మ్ మీద వచ్చే ఆరు సెంటీమీటర్ల చదరపు నెగటివ్) 75 గానీ 80 గానీ. రాత్రిపూట బాత్‌రూమే డార్క్‌రూమ్, తలుపు సందులకి నల్ల గుడ్డ, ఎర్ర సేఫ్‌లైట్, మూడు ట్రేలు. మల్టీగ్రేడ్ ఆర్సీ (ప్లాస్టిక్ పూత ఉన్న) పేపర్‌తో మొదలెట్టండి, ఫిల్టర్లతో 00 నుంచి 5 దాకా కాంట్రాస్టు మార్చుకోవచ్చు, రెండు నిమిషాలు కడిగితే చాలు. ముందు టెస్ట్ స్ట్రిప్ తప్పనిసరి, పేపర్ చిన్న ముక్క మీద 5 సెకన్ల చొప్పున అట్ట జరుపుకుంటూ వేయండి, కావలసిన హైలైట్ ఏ సెకనుకి వచ్చిందో చూసి టైము అక్కడ పెట్టుకుని, నలుపు చాలకపోతే అప్పుడు గ్రేడ్ పెంచండి. టైము హైలైట్‌కి, గ్రేడ్ నలుపుకి, ఈ వరస తప్పితే పేపర్లు పోతూనే ఉంటాయి.

స్కానింగ్ విషయంలో ఫ్లాట్‌బెడ్ స్కానర్ డబ్బా మీద రాసిన 6400 డీపీఐ (అంగుళానికి చుక్కలు) అంకె చూసి మోసపోవద్దు, నిజంగా అది పట్టే వివరం అందులో సగం కూడా ఉండదు. 120 ఫిల్మ్‌కి అది సరిపోద్ది, 35 ఎంఎంకి చాలదు. డిజిటల్ కెమెరాకి మాక్రో లెన్సు పెట్టి, మంచి ఎల్‌ఈడీ లైట్ ప్యానెల్ మీద నెగటివ్ ఉంచి ఫొటో తీస్తే చాలా మెరుగ్గా వస్తుంది. స్కానర్‌లో దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ ఆప్షన్ మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి పనిచేయదు, వెండి ఆ కిరణాల్ని ఆపేస్తుంది, అది ఆన్‌లో ఉంటే ఫొటో పాడవుద్ది. ఎక్స్‌పీ2లో వెండి మిగలదు కాబట్టి దానికి పనిచేస్తుంది.

డిజిటల్ ఫైల్ లెక్క తేలిక. 24 మెగాపిక్సెల్ అంటే 6000×4000, 300 పీపీఐలో (అంగుళానికి 300 పిక్సెల్స్) 20×13 అంగుళాలు వస్తుంది, 12×18కి ధారాళంగా సరిపోద్ది. అసలు సమస్య ప్రింట్ వేసే చోట. టౌన్లో కలర్ ల్యాబ్‌లకి బ్లాక్ అండ్ వైట్ ఇస్తే వాళ్ళ దగ్గరున్నది కలర్ పేపర్, అందుకని కాస్త పచ్చగానో ఊదాగానో వస్తుంది, పెళ్ళి ఆల్బమ్‌ల సెట్టింగ్‌తో ఆటో కరెక్షన్ కూడా పడిపోద్ది. ఎస్‌ఆర్‌జీబీలో (ల్యాబ్‌లు మామూలుగా వాడే రంగుల ప్రొఫైల్) ఫైల్ ఇచ్చి, ఏ కరెక్షనూ వద్దని నోటితో చెప్పి రాసి కూడా ఇచ్చి, ముందు ఒక చిన్న టెస్ట్ ప్రింట్ వేయించుకోండి. నిజంగా మంచి ప్రింట్ కావాలంటే గ్రే ఇంకులు ఉన్న ప్రింటర్ ఉండాలి, ఎప్సన్ పీ700, పీ900 లాంటివి, వాటిలో బ్లాక్ అండ్ వైట్‌కి ప్రత్యేకమైన మోడ్ ఉంటుంది. ఇళ్ళల్లో వాడే ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో ఎప్సన్ ఎల్8180కి ఒక గ్రే ఇంకు ఉంది, మామూలు నాలుగు రంగుల ప్రింటర్ కన్నా అది చాలా నయం. పేపర్ ఎంపిక కెమెరా ఎంపికంత ముఖ్యం: కాటన్ మ్యాట్ పేపర్ చేతికి బావుంటుంది గానీ నలుపు అంత లోతుగా రాదు, పొగమంచు ఫొటోలకి అది సరిగ్గా సరిపోద్ది, మండువా ఇంటి చీకట్లకి నలుపు లోతుగా వచ్చే బరైటా పేపర్ వాడండి.

ప్రింట్లన్నీ వచ్చాక వెనకాల పెన్సిల్‌తో గుర్తు రాసి, కలిపేసి, పొద్దున్న పది గంటలకి వీధి అరుగు మీద నీడలో పరవండి. ఇంట్లో వాళ్ళనీ తెలిసినవాళ్ళనీ చూడమనండి, ఏది ఫిల్మో చెప్పకండి. రాత్రి ట్యూబ్‌లైట్ కింద మళ్ళీ చూడండి, కొన్ని ఇంక్‌జెట్ ప్రింట్లు వెలుగు మారితే రంగు మారతాయి, ఎన్లార్జర్ ప్రింట్ మారదు. చూడాల్సినవి నాలుగు. పంచె మడతల్లో తెలుపు నుంచి బూడిదలోకి ఎంత మెల్లగా దిగింది, వసారా మూలలో ఏమన్నా కనపడుతోందా, పొగమంచులో ఖాళీ ఆకాశం ఎలా ఉంది, ఏటి మెరుపు చుట్టూ అంచు ఎలా ఉంది. ఖాళీ ఆకాశంలో ఫిల్మ్ గ్రెయిన్ సన్నగా కదులుతున్నట్టుంటుంది, డిజిటల్‌లో అది నున్నగా ప్లాస్టిక్‌లా ఉండే అవకాశం ఉంది. ఏటి మెరుపులో ఫిల్మ్‌దే పైచేయి అనేది నేను చూసిన ప్రింట్లన్నిటిలోనూ స్పష్టంగా ఉంది. మండువా చీకట్లలో మాత్రం జాగ్రత్తగా తీసిన డిజిటల్ గెలిచింది, ఒప్పుకోవాల్సిందే. 12×18 సైజులో 35 ఎంఎం నెగటివ్ దాదాపు పన్నెండున్నర రెట్లు పెరుగుద్ది, గ్రెయిన్ బాగా ముందుకొస్తుంది, అది మీకు ఇష్టమైతే సరే, లేదంటే ఫిల్మ్‌లో పెద్ద ప్రింట్లకి 120 కెమెరా తీసుకోండి, 6×6 నెగటివ్ నుంచి 12×12 ప్రింట్ అంటే ఐదున్నర రెట్లే.

నన్నడిగితే, ఇంట్లో ట్రేలు పెట్టుకునే ఓపిక ఉన్నవాళ్ళు 120 ఫిల్మ్ తీసుకోండి, ఎన్లార్జర్ దొరకనివాళ్ళు డబ్బులు ఫిల్మ్ మీద కాకుండా మంచి పేపర్ మీద, ప్రింటర్ మీద పెట్టండి. రెండూ చేసే వీలుంటే నది, ఆకాశం, మంచు ఫిల్మ్‌కి వదిలేసి, ఇంటి లోపలి ఫొటోలూ తిరునాళ్ళూ పరిగెత్తే పిల్లలూ డిజిటల్‌లో తీసుకోండి.

దాచుకోవడం గురించి కూడా ఇప్పుడే ఏర్పాటు చేసుకోండి. 1986 వరద, 1996 కోనసీమ తుఫాను చూసిన ఇళ్ళవాళ్ళకి కింది అరలో ఏదీ పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు. నెగటివ్‌లు స్లీవుల్లో పెట్టి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పై అరలో, బయట గోడకి ఆనకుండా ఉంచండి, జెల్ రంగు మారగానే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. లెన్సులు కూడా అంతే, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. ఫైళ్ళు రెండు హార్డ్‌డిస్కుల్లో, ఒకటి వేరే ఊళ్ళో చుట్టాలింట్లో. ఫ్రేము కట్టించేటప్పుడు ప్రింట్‌ని అద్దానికి ఆనించి కట్టనివ్వొద్దు, మన తేమకి రెండు వానాకాలాల్లో ఎమల్షన్ అద్దానికి అతుక్కుపోద్ది, తీయబోతే చిరుగుద్ది. మధ్యలో మౌంట్ బోర్డు పెట్టించండి, వెనకాల టేపు చుట్టూ పూర్తిగా వేయించండి, గోడకీ ఫ్రేముకీ మధ్య గాలాడేలా కింది మూలల్లో చిన్న రబ్బరు ముక్కలు అంటించండి, వానకి చెమ్మెక్కే గోడకి మాత్రం తగిలించొద్దు.